వద్దనుకుంటే వద్దనే చెప్పండి: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెయింటైనర్లకు బహిరంగ లేఖ

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులను నడుపుతున్న మెయింటైనర్లందరికీ నమస్కారం.

నేను ఒక లైనక్స్ డిస్ట్రిబ్యూషన్‌కు (లైనక్స్‌నూ దాని మీద నడిచే ప్రోగ్రాములనూ ఒకచోట చేర్చి ఇచ్చే కూర్పుకు) ప్యాకేజీలు తయారుచేసే వాలంటీర్ని. మీరు రాసిన ప్రోగ్రామును వాడుకరుల కంప్యూటర్లకు చేర్చడం నా పని. చేరాక అది ఎక్కడ బెడిసికొట్టిందో చాలాసార్లు ముందు తెలిసేది మాకే. బగ్ రిపోర్టు వస్తుంది, కోడ్ తెరుస్తాం, కారణం పట్టుకుంటాం, ప్యాచ్ (కోడ్‌ను సరిచేసే చిన్న మార్పు) రాస్తాం. ముందు మా ప్యాకేజీలో పెట్టుకుని ఆ తర్వాత మీకు పంపుతాం. అలా పంపినవాటిలో కొన్నిటిని మీరు తీసుకున్నారు. కొన్నిటిని కుదరదన్నారు. మిగతావాటి మీద ఒక్క మాట కూడా రాలేదు. తీసుకున్నవాటికి కృతజ్ఞతలు. కాదన్నవాటితో నాకు పేచీ లేదు. ఈ లేఖ ఆ మూడో రకం గురించి.

మీరు మాకేమీ బాకీ లేరన్న సంగతి నాకు తెలుసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇచ్చే స్వేచ్ఛలు నాలుగు: నడుపుకోవచ్చు, చదివి మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, మార్చినదాన్నీ పంచవచ్చు. "నా మార్పును నువ్వు తీసుకుని తీరాలి" అనే అయిదో స్వేచ్ఛ ఎక్కడా లేదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రోగ్రాం వాళ్ళు ఈ విషయం దాచుకోకుండా చెప్పేశారు. మా కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, బయటివాళ్ళ కోడ్‌కు మాత్రం తలుపు తెరిచి ఉండదని తమ సైట్‌లోనే రాసుకున్నారు. ఆ కోడ్ మొత్తం ఎవరి హక్కులూ లేని పబ్లిక్ డొమైన్‌లో ఉంది కాబట్టి హక్కుల విషయంలో అంత జాగ్రత్త వాళ్ళకు అవసరం. ఆ మాట చదివాక వాళ్ళు ప్యాచ్ తీసుకోలేదని ఎవరూ బాధపడరు. బాధంతా "ప్యాచ్‌లకు స్వాగతం" అని రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పత్రంలో) రాసి, వచ్చినవాళ్ళను రమ్మనకుండా పొమ్మనకుండా వాకిట్లో నిలబెట్టే ప్రాజెక్టులతోనే.

జవాబు రాకపోతే ఏమవుతుందో మీ వైపు నుంచి కనిపించదు. మీ జాబితాలో అది కదలకుండా పడి ఉన్న ఒక వరుస మాత్రమే. మా వైపు అది ప్రతి రిలీజుకూ తిరిగొచ్చే పని. మీరు కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ, జవాబు రాని ప్యాచ్‌ను మేం మళ్ళీ ఆ కోడ్ మీద అతికించాలి. 1985లో లారీ వాల్ రాసిన ప్యాచ్ ప్రోగ్రాం గొప్పతనమే అది: చుట్టుపక్కల వరుసలను చూసుకుని, కోడ్ అటూ ఇటూ జరిగినా మార్పు చేయాల్సిన చోటును వెతికి పట్టుకుంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. అది అతకనని మొరాయిస్తే నయం, కూర్చుని చూసుకుంటాం. కాస్త పోలిక దొరికిందని వేరే చోట అతుక్కుపోయి, కంపైల్ కూడా అయిపోతే ఎవరికీ తెలియదు. పైగా ప్యాచ్ రాసిన మనిషి ఈలోపు ప్యాకేజీని ఇంకొకరికి అప్పగించి వెళ్ళిపోయి ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు అది ఎందుకుందో తెలియదు, తీసేస్తే ఏం విరుగుతుందో తెలియదు. తెలియదు కాబట్టి తీయరు. డెబియన్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో ఇలాంటి ప్యాచ్‌కు పైన ఒక చిన్న వివరం రాసి, మూల ప్రాజెక్టుకు పంపామా లేదా అని నమోదు చేసే పద్ధతి ఉంది. "పంపాం" అని రాయడానికి అందులో చోటుంది. పంపాక ఏ జవాబూ రాలేదంటే ఏం చేయాలో మాత్రం ఏ పద్ధతీ చెప్పలేదు.

డెబియన్ పేరు ఎత్తాను కాబట్టి ఆ పాత కథ చెప్పక తప్పదు. 2006లో డెబియన్ వాళ్ళు, ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో రెండు వరుసలను పక్కన పెట్టారు. విలువ ఇవ్వని మెమరీని చదువుతున్నారని మెమరీ తప్పులను పట్టే వాల్‌గ్రైండ్ లాంటి పరికరాలు గోల పెట్టడమే అందుకు కారణం. ఆ రెంటిలో ఒకటి నిజంగానే పోయినా ఫరవాలేని వరుస. రెండోది మాత్రం రహస్య తాళాలు చేయడానికి వాడే యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి కావాల్సిన ముడిసరుకునంతా లోపలికి పంపే వరుస. అది పోయాక మిగిలిన ముడిసరుకు దాదాపుగా ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రాముకు కంప్యూటర్ ఇచ్చే సంఖ్య) ఒక్కటే. దాని గరిష్ఠ విలువ 32,768. అంటే ఆ యంత్రాల మీద తయారైన ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) తాళాలన్నిటినీ ముందే లెక్కగట్టి జాబితా రాసుకోవచ్చు. ఇది బయటపడింది 2008 మేలో. దాదాపు రెండేళ్ళు.

ఈ కథను సాధారణంగా "డిస్ట్రిబ్యూషన్ వాళ్ళు తెలియని కోడ్‌లో వేలు పెడితే ఇంతే" అని చెబుతారు. సగం నిజమే. కానీ ఆ మార్పు చేసే ముందు డెబియన్ మెయింటైనర్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాళ్ళను అడిగాడు. డీబగ్గింగ్‌కు పనికొస్తే తీసేయడం మంచిదేనన్నట్టు ఒక పొడిపొడి జవాబు వచ్చింది. అడిగినాయన ప్యాచ్‌ను ప్యాచ్‌గా పంపి రివ్యూ కోరలేదు. జవాబు చెప్పినాయన అది అందరికీ చేరబోయే మార్పని అనుకున్నట్టు లేదు. ఆ రెండు వరుసలను ఎదురుగా పెట్టుకుని, ఆ కోడ్ తెలిసిన ఒక్క మనిషి "రెండోది ముట్టుకోకు" అని ఉంటే కథ అక్కడితో ఆగేది. కావాల్సింది ఒక్క "వద్దు". దాన్ని అడగాల్సిన తీరులో అడగనిది మా వైపువాళ్ళు, చెప్పే అవకాశం పోగొట్టుకున్నది మీ వైపువాళ్ళు. నేను రెండు వైపులా తప్పు పెడతాను.

జవాబులు ఎంతకీ రాకపోతే కొందరు వేరు కాపురం పెడతారు. జీసీసీ అనే కంపైలర్‌లోకి తమ పని చేరడం లేదని విసిగినవాళ్ళు 1997లో ఈజీసీఎస్ అనే వేరు ప్రాజెక్టు మొదలుపెట్టారు. 1999 వచ్చేసరికి అదే అసలు జీసీసీ అయి కూర్చుంది. ఓపెన్‌ఆఫీస్‌లోకి తీసుకోని ప్యాచ్‌లన్నీ గో-ఊ పేరుతో పక్కన పోగుపడి, చాలా డిస్ట్రిబ్యూషన్లు దాన్నే వాడుకుని, చివరికి 2010లో లిబ్రెఆఫీస్‌లో కలిశాయి. ఆ రెంటికీ వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు "వచ్చినదల్లా తీసుకోమంటావా?" అని అడగొచ్చు. అస్సలు కాదు. 2011 డిసెంబరు 31న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో చేరిన హార్ట్‌బీట్ (కనెక్షన్ ఇంకా ఉందో లేదో చూసే) కోడ్ బయటి నుంచి వచ్చినదే. ఒకరు రాశారు, ఒకరు చూశారు, చేరిపోయింది. అవతలివాళ్ళు చెప్పిన పొడవు నిజమో కాదో సరిచూసే ఒక్క పరీక్ష అందులో లేదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ పేరుతో బయటపడేదాకా, అడిగినవాళ్ళకల్లా ఒక్కో విడతకు 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీని ధారపోస్తూ వచ్చింది. రివ్యూ చేసే తీరిక లేనప్పుడు మొహమాటానికి పోయి ప్యాచ్ తీసుకోవడం కన్నా నిర్మొహమాటంగా కాదనడం వెయ్యిరెట్లు మేలు.

ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా దగ్గరిది. ఒక్క మనిషి నడుపుతున్న ప్రాజెక్టు. 2021 నుంచి ఒకరు ఓపిగ్గా మంచి ప్యాచ్‌లు పంపుతూ వచ్చారు. 2022లో ఎవరో కొత్త మనుషులు ఊడిపడి, ప్యాచ్‌లు చూడటానికి ఇన్నాళ్ళా, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించరాదా అని మెయింటైనర్ మీద ఒత్తిడి మొదలుపెట్టారు. ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. చివరికి ఆ ఓపికమనిషి చేతికి తాళాలు వెళ్ళాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో, ఎస్ఎస్‌హెచ్ గుండా చొరబడేందుకు దొంగదారి ఉంది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తవ్విచూడబట్టి మార్చి 29న లోకానికి తెలిసింది. ఆ వెర్షన్లు అప్పటికే కొన్ని డిస్ట్రిబ్యూషన్ల పరీక్షా శాఖల్లోకి వచ్చేశాయి. మాలాంటివాళ్ళం ఆ రాత్రి ఎవరి ప్యాకేజీల జాబితా వాళ్ళం వెతుక్కున్నాం.

ఆ ఒత్తిడి ఉత్తరాలనూ ఈ లేఖనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక కనిపిస్తుందని నాకు తెలుసు. అందుకే తేడా ఏమిటో చెప్పాలి. వాళ్ళు అడిగింది "తీసుకో, త్వరగా తీసుకో, లేదంటే తప్పుకో" అని. నేను త్వరగా చూడమని అడగడం లేదు, తీసుకోమని అసలే అడగడం లేదు. కాదనడం మీ రోజువారీ పనిలో మామూలు సంగతి కావాలని అడుగుతున్నాను. కాదనే అలవాటున్న ప్రాజెక్టును ఇలా ఒత్తిడిచేసి లొంగదీయడం కష్టం. పెండింగులో నూటయాభై ప్యాచ్‌లు వేలాడుతున్న మనిషికి ప్రతి కొత్త ఉత్తరమూ ఒక నింద. వాటిలో నూటపాతికకు "ఇది మాకు వద్దు" అని రాసి మూసేసిన మనిషి దగ్గర ఎవరైనా వచ్చి ఆలస్యమని గొడవ చేస్తే, చూపించడానికి రాతపూర్వకమైన జవాబు ఉంటుంది. ఆ మనిషికి సాయం కావాలంటే తనకు నచ్చిన వేళ తనే వెతుక్కుంటాడు. అపరాధభావంతో తాళాలు అప్పజెప్పడు.

కాదనడానికి పెద్ద వ్యాసం అక్కర్లేదు. "ఈ ఫీచర్ బాగానే ఉంది, కానీ రేపు దీన్ని మోయాల్సింది మేం, మోయలేం" అంటే చాలు. ప్యాచ్ రాసినవాళ్ళకు అది ఒక సాయంత్రం పని, మీకు ఏళ్ళ తరబడి చాకిరీ. ఈ తేడా మాకు అర్థమవుతుంది, ప్యాకేజర్లకైతే మరీ. "ఆలోచన సరే, రాసిన తీరు కుదరదు" అన్నా సరే. "ఈ భాగం తెలిసినవాళ్ళు ఇప్పుడు మా దగ్గర లేరు, రివ్యూ జరగదు" అన్నది అన్నిటికన్నా నిజాయితీగల జవాబని నా అభిప్రాయం. ఎందుకో ఎవరూ ఆ మాట రాయరు. అది వింటే, ఆ ప్యాచ్ భారం ఎప్పటికీ మాదేనని తేల్చుకుంటాం. దానికి మేమే టెస్టులు రాసుకుంటాం, లేదంటే ఆ ప్యాకేజీనే వదులుకుంటాం.

బాట్‌తో (తనంతట తానే నడిచే ప్రోగ్రాముతో) మూయించడం మాత్రం జవాబు కాదు. "ఇన్నాళ్ళుగా ఎలాంటి కదలికా లేదు కాబట్టి మూసేస్తున్నాం" అని బాట్ రాస్తుంది. కదలాల్సింది ఎవరు? మేం పంపాం, టెస్టులు రాశాం, అడిగిన మార్పు చేశాం, రెండుసార్లు గుర్తుచేశాం. కొందరు బాట్‌ను మభ్యపెట్టడానికి నెలకోసారి ఒక ఉత్త వ్యాఖ్య రాస్తూ ఉంటారు. అటు యంత్రం, ఇటు యంత్రంలా మారిన మనిషి, మధ్యలో ప్యాచ్.

మౌనానికే ఒక అర్థం ఉంటుందని, అది ముందే రాసిపెట్టామని చెప్పగల ప్రాజెక్టులూ ఉన్నాయి. లైనక్స్‌కు గుండెలాంటి కర్నెల్‌లో ఒకప్పుడు, దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కు పంపిన ప్యాచ్‌లు జవాబు లేకుండా జారిపోయేవి. 2002 మొదట్లో దాని మీద పెద్ద గొడవే అయింది. ఆయన ఒక్కడే వేగంగా పనిచేస్తే తీరే ఇబ్బంది కాదది. ఆయన కింద భాగాల వారీగా మెయింటైనర్ల మీద నమ్మకం పెంచడం, పనిముట్లు మార్చడం లాంటివి పనికొచ్చాయి. ఆ వరుసలోనే కోడ్ మార్పుల చరిత్రను నమోదు చేసే బిట్‌కీపర్ వచ్చింది, 2005లో గిట్ పుట్టింది. ఇవాళ కర్నెల్ పత్రాల్లో ఏ ఫైలుకు ఎవరు బాధ్యులో ఉంటుంది. జవాబు రాకపోతే ఎన్నాళ్ళు ఆగాలో, మళ్ళీ పంపేటప్పుడు పైన ఏమని రాయాలో కూడా ఉంటుంది. అక్కడ జవాబు రాకపోవడమంటే "మళ్ళీ పంపు" అని అర్థం. మొరటు పద్ధతే, కానీ పద్ధతి. మీ ప్రాజెక్టులో మౌనానికి అర్థమేమిటో బయటినుంచి వచ్చినవాళ్ళకు తెలిసే దారి ఉందా?

పోస్ట్‌గ్రెస్ వాళ్ళ కమిట్‌ఫెస్ట్ నాకు ఇంకా నచ్చుతుంది. 2008 నుంచి నడుస్తోంది. కొంతకాలం కొత్త కోడ్ రాయడం పక్కనపెట్టి, వచ్చిన ప్యాచ్‌లను చూడటానికే కేటాయిస్తారు. ప్రతి ప్యాచ్‌కూ ఒక స్థితి ఉంటుంది: చేర్చాం, సూచనలతో తిప్పి పంపాం, తిరస్కరించాం. ప్యాచ్ పంపినవాళ్ళు ఇంకొకరి ప్యాచ్‌ను రివ్యూ చేయాలని కూడా ఆశిస్తారు. ఇది న్యాయమైన బేరం, మాలాంటివాళ్ళను ఊరికే అడిగేవాళ్ళుగా మిగలనివ్వదు. అక్కడ కూడా ఒక ఫెస్ట్ నుంచి ఇంకో ఫెస్ట్‌కు జరుగుతూ పోయే ప్యాచ్‌లు ఉంటాయి. అయినా "జరిపాం" అని ఎవరో ఒకరు నమోదు చేస్తారు, అంటే ఒక మనిషి దాన్ని చూశారని తెలుస్తుంది.

రివ్యూ మొదలైన ప్యాచ్‌ల విషయంలో నా ఫిర్యాదు ఒకటే, వరుస తారుమారవడం. మొదటి వ్యాఖ్య ఖాళీల గురించి వస్తుంది. సరిచేస్తాం. తర్వాత వేరియబుల్ పేరు. మారుస్తాం. తర్వాత కమిట్ సందేశంలో (మార్పుతో పాటు రాసే వివరంలో) వాక్యం. అన్నీ అయ్యాక, అప్పటిదాకా మాట్లాడని ఒక సీనియర్ వచ్చి "అసలిది మనకెందుకు?" అంటారు. ఆ ప్రశ్న అడగాల్సినదే, కానీ అది మొదటి ప్రశ్న. కావాలా వద్దా అన్నది ముందు, ఈ దారిలోనే చేయాలా అన్నది తర్వాత, కామాలూ ఖాళీలూ చిట్టచివర. చివరివాటిని స్క్రిప్టుకు వదిలేయండి. కర్నెల్‌కు అలాంటి స్క్రిప్టు ఉంది, మీకూ ఒకటి రాసుకోవడం కష్టం కాదు. స్క్రిప్టు తప్పు పడితే ఎవరికీ కోపం రాదు.

కాగితాల సంగతీ అంతే, ముందే చెప్పండి. కాపీహక్కుల బదిలీ పత్రం కావాలంటే, ఉద్యోగమిచ్చిన యజమాని సంతకం కావాలంటే, రివ్యూ అంతా ముగిశాక కాదు, మొదటి రోజే తెలియాలి. లైనక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ 2003లో కోర్టుకెక్కాక, కర్నెల్ వాళ్ళు 2004లో "సైన్డ్-ఆఫ్-బై" అనే (ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని హామీ ఇచ్చే) ఒక్క వరుసతో పని కానిచ్చే దారి చూపించారు. ఏళ్ళ తరబడి హక్కుల బదిలీ అడిగిన జీసీసీ కూడా 2021లో ఆ పట్టు సడలించింది. మీకు పెద్ద పత్రమే కావాలంటే కోరండి, అది మీ ఇష్టం. రెండు వరుసల దిద్దుబాటుకు కూడా అది కావాలా అని ఒకసారి ఆలోచించండి.

మా ప్యాచ్‌ను మీరు తిరగరాసి చేర్చుకున్నా మాకు ఆనందమే. ఆ కమిట్‌లో రచయిత పేరు మాత్రం మాయం చేయకండి. గిట్‌లో రాసినవారికీ చేర్చినవారికీ విడివిడి గడులు ఉన్నవి ఇందుకే. మూడొంతులు మీరే మార్చారనుకుంటే "కో-ఆథర్డ్-బై" వరుస ఉంది. బగ్ కారణం పట్టుకుని దిద్దుబాటు కూడా రాసిన మనిషిని "రిపోర్టెడ్-బై" (బగ్ తెలిపినవారి) వరుసలో వేయడం అన్యాయం. మొదటి ప్యాచ్ పంపిన మనిషి ఆ ఒక్క పేరు కోసం మళ్ళీ వస్తాడు, అది లేకపోతే రాడు.

ఇప్పుడు వస్తున్న వరద సంగతి. 2020 అక్టోబరులో, ప్యాచ్‌లు పంపితే టీషర్టు ఇస్తామన్న హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ ఫైళ్ళలో ఒక్కో మాట మార్చి పంపినవాళ్ళు మీకు గుర్తుండే ఉంటారు. ఇప్పుడు టీషర్టు కూడా అక్కర్లేదు. కోడ్ రాసే ఏఐ పనిముట్టుతో నిమిషంలో ప్యాచ్ తయారవుతుంది, దాన్ని చదవడానికి మాత్రం మీకు ఎప్పటిలాగే గంట పడుతుంది. జెంటూ డిస్ట్రిబ్యూషన్ 2024 ఏప్రిల్‌లో అలాంటివి వద్దని తీర్మానించింది, నెట్‌బీఎస్డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు కూడా ఆ దారే పట్టింది. తక్కిన ప్రాజెక్టులు ఏ నియమం పెట్టుకున్నా నేను వాదించను. ప్రతి ప్యాచ్‌కూ వివరమైన జవాబు రావాలని కూడా అనను. ఒక ప్రశ్న వేయండి: ఈ వరుస ఎందుకు మార్చావు? చెప్పలేనివాళ్ళ ప్యాచ్‌కు "వద్దు" అన్న రెండక్షరాలు చాలు, కారణం కూడా అక్కర్లేదు. ఈ వరదను తట్టుకోవడానికి కూడా కాదనడం మీకు సులువు కావాలి. ఇప్పటిలా అన్నిటినీ అలాగే పడి ఉండనిస్తే, ఆ గుట్టలో చెత్తకూ మేం వారాల తరబడి వెతికి పట్టుకున్న దిద్దుబాటుకూ తేడా తెలియదు.

మా వైపు నుంచి ఏం చేయగలమో కూడా చెప్పాలి. నా వరకు ఒక ప్యాచ్‌లో ఒకే పని పెడతాను. ఎందుకు కావాలో, ఎక్కడ విరిగిందో, ఎలా పరీక్షించానో రాస్తాను. మీరు కాదంటే కారణం ఒకసారి అడుగుతాను, రెండోసారి వాదించను. మా డిస్ట్రిబ్యూషన్‌కు మాత్రమే పనికొచ్చే మార్పును మీ నెత్తిన రుద్దను. తోటి ప్యాకేజర్లకూ ఇదే చెబుతాను, వింటారన్న హామీ ఇవ్వలేను.

ఇక మీరు చేయాల్సింది. మీ జాబితాలో అన్నిటికన్నా పాత ప్యాచ్ తెరిచి, దాని కింద ఒక్క వాక్యం రాయండి: తీసుకుంటాం, తీసుకోం, చూసేవాళ్ళు లేరు. మూడింటిలో ఏదైనా సరే. పంపినవాళ్ళు ఈపాటికి వేరే పనుల్లో పడి ఉంటారు, మీకు జవాబివ్వకపోవచ్చు. అయినా ఆ ప్యాచ్‌ను ఇంకా మోస్తున్న డిస్ట్రిబ్యూషన్లు కొన్ని ఉంటాయి. దాన్ని ఉంచాలా తీసేయాలా అని తర్వాతి రిలీజుకు ముందు ఎవరో ఒకరు మీ దగ్గరికే వచ్చి వెతుకుతారు. ఆ పాతది అయ్యాక దాని తర్వాతది.

ఇట్లు,
మీ కోడ్‌ను ప్యాకేజీ చేసే ఒక వాలంటీర్